డెన్మార్క్ పార్లమెంటు ఎన్నికల ఫలితాలను చదవడం ఎలా?

డెన్మార్క్ ఎన్నికల ఫలితాల పట్టికను మొదటిసారి చూసే తెలుగు పాఠకుడు, మన అలవాటు కొద్దీ, అన్నిటికంటే పైనున్న పార్టీయే గెలిచిందని అనుకుంటాడు. 2015 జూన్‌లో జరిగిన ఎన్నికను అలా చదివితే అంతా తలకిందులవుతుంది. ఆ ఎన్నికలో సోషల్ డెమోక్రాట్లు 44 స్థానాల నుంచి 47కు పెరిగి అతిపెద్ద పార్టీగా నిలిచారు. అయినా వారి నాయకురాలు హెలె థార్నింగ్ ష్మిట్ ప్రధాని పదవిని వదులుకోవలసి వచ్చింది. 47 స్థానాల నుంచి 34కు పడిపోయిన వెన్‌స్ట్రె పార్టీ నాయకుడు లార్స్ లొకె రాస్ముసెన్ ప్రధాని అయ్యారు, అదీ ఆ 34 మందితోనే ఏకపార్టీ ప్రభుత్వం ఏర్పాటు చేసి. పట్టికలో ఎక్కడ ఏమి చూడాలో తెలిస్తే ఇందులో వింతేమీ కనిపించదు. పన్నెండు పార్టీలు సభలో అడుగుపెట్టిన 2022 నవంబరు 1 నాటి ఎన్నికను ఉదాహరణగా తీసుకుని, ఆ చదివే పద్ధతిని ఇక్కడ వివరిస్తాను.

ముందు 179 స్థానాలను విడదీయాలి

డెన్మార్క్ పార్లమెంటు పేరు ఫోల్కెటింగ్. 1953 రాజ్యాంగంతో ఎగువ సభ రద్దయినందున ఇప్పుడున్నది ఒక్కటే సభ. మొత్తం 179 స్థానాల్లో 175 డెన్మార్క్‌వి; మిగతావి డెన్మార్క్ రాజ్యంలోనే ఉండి స్వయంపాలన గల రెండు ప్రాంతాలవి, ఫారో దీవులకు రెండు, గ్రీన్‌లాండ్‌కు రెండు. వార్తాసంస్థలు ఎన్నికల రాత్రి చూపించే పట్టికల్లో సాధారణంగా 175 మాత్రమే ఉంటాయి, మెజారిటీ గీత మాత్రం 179లో సగానికి పైన, అంటే 90 దగ్గర ఉంటుంది. ఈ రెండు అంకెలనూ కలగాపులగం చేసుకున్నవారు 88 స్థానాలు వస్తే మెజారిటీ వచ్చిందని పొరబడతారు. కాబట్టి ఏ పట్టిక చేతికొచ్చినా, అట్లాంటిక్ సముద్రంలోని ఆ నాలుగు స్థానాలు అందులో కలిశాయా లేదా అన్నది మొదట చూసుకోవాలి.

175 స్థానాల్లో మళ్ళీ రెండు రకాలున్నాయి. దేశాన్ని పది పెద్ద నియోజకవర్గాలుగా విభజించి, వాటిలో 135 స్థానాలను నేరుగా పంచుతారు. మిగిలిన 40 సర్దుబాటు స్థానాలు. నియోజకవర్గాల్లో జరిగిన పంపకం వల్ల ఏ పార్టీకైనా దేశవ్యాప్త ఓట్ల వాటా కంటే తక్కువ స్థానాలు వస్తే, ఆ లోటును వీటితో పూడుస్తారు. పది నియోజకవర్గాల్లో ఎన్నెన్ని స్థానాలుండాలో నిర్ణయించేటప్పుడు జనాభాను, ఓటర్ల సంఖ్యను మాత్రమే కాక, చదరపు కిలోమీటర్లలో విస్తీర్ణాన్ని 20తో హెచ్చవేసి ఆ అంకెను కూడా కలుపుతారు. పలుచగా జనం ఉన్న పశ్చిమ ప్రాంతాల గొంతు రాజధాని కింద అణగిపోకుండా ఇది కొంత కాపాడుతుంది. బాల్టిక్ సముద్రంలో ఉన్న బోర్న్‌హోమ్ ద్వీపం ఎంత చిన్నదైనా దానికి కనీసం రెండు స్థానాలు ఉండాలని చట్టమే చెబుతోంది.

ఓట్ల శాతాన్ని స్థానాలుగా మార్చి చూడటం

ఆంధ్రప్రదేశ్ శాసనసభలో ఉన్నవి కూడా సరిగ్గా 175 స్థానాలే కాబట్టి పోలిక మనకు చాలా సులువు. 2019లో తెలుగుదేశం పార్టీకి సుమారు 39 శాతం ఓట్లు పడినా 23 స్థానాలే దక్కాయి. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీకి దాదాపు అంతే శాతం ఓట్లతో 11 స్థానాలు వచ్చాయి. డెన్మార్క్ పద్ధతిలో ఆ 39 శాతానికి 68 స్థానాలకు తక్కువ రావు. అందుకని డెన్మార్క్ ఫలితాల్లో "ప్రభంజనం", "తుడిచిపెట్టుకుపోవడం" వంటి మాటలకు చోటు అరుదు. రెండు మూడు శాతం ఓట్లు అటూ ఇటూ కదిలితే నాలుగైదు స్థానాలు కదులుతాయి, అంతే.

2022లో చెల్లిన ఓట్లలో పార్టీల వాటాలు, వచ్చిన స్థానాలు ఇలా ఉన్నాయి. సోషల్ డెమోక్రాట్లకు 27.5 శాతంతో 50, వెన్‌స్ట్రెకు 13.3 శాతంతో 23, మోడరేట్లకు 9.3 శాతంతో 16, సోషలిస్ట్ పీపుల్స్ పార్టీకి 8.3 శాతంతో 15, డెన్మార్క్ డెమోక్రాట్లకు 8.1 శాతంతో 14, లిబరల్ అలయన్స్‌కు 7.9 శాతంతో 14, కన్సర్వేటివ్‌లకు 5.5 శాతంతో 10, రెడ్ గ్రీన్ అలయన్స్‌కు 5.1 శాతంతో 9, రాడికల్ వెన్‌స్ట్రెకు 3.8 శాతంతో 7, న్యూ రైట్‌కు 3.7 శాతంతో 6, ఆల్టర్నేటివ్‌కు 3.3 శాతంతో 6, డేనిష్ పీపుల్స్ పార్టీకి 2.6 శాతంతో 5. ఈ పార్టీల పేర్లను బట్టి వాటి భావజాలాన్ని ఊహించకూడదు. వెన్‌స్ట్రె అంటే డేనిష్‌లో ఎడమ అని అర్థమైనా అది మితవాద (కుడి) పక్షంలోని ప్రధాన పార్టీ. పార్టీ పేరు కంటే బ్యాలెట్ పత్రం మీద దాని పక్కనుండే అక్షరమే అక్కడి జనం నోట ఎక్కువగా నానుతుంది. సోషల్ డెమోక్రాట్లది ఏ, వెన్‌స్ట్రెది వి. డేనిష్ అక్షరమాల చివర ఉండే మూడు ప్రత్యేక అక్షరాలను కూడా పార్టీలు తీసేసుకున్నాయి. పట్టికల్లో చాలాసార్లు అక్షరమే ఉండి పేరు ఉండదు కనుక ఏ అక్షరం ఏ పార్టీదో చెప్పే జాబితాను దగ్గర పెట్టుకోవడం మంచిది.

ఇప్పుడు లెక్క వేసి చూద్దాం. కాగితం, క్యాలిక్యులేటర్ ఉంటే చాలు. సభలో ప్రవేశానికి అర్హత పొందిన పన్నెండు పార్టీల ఓట్లు కలిపితే చెల్లిన ఓట్లలో సుమారు 98.47 శాతం. అర్హత పొందని చిన్న పార్టీలకు, స్వతంత్రులకు పడిన ఓట్లు ఈ లెక్కలోకి రావు. ఒక్కొక్క పార్టీ శాతాన్ని 98.47తో భాగించి 175తో హెచ్చవేస్తే దానికి న్యాయంగా దక్కవలసిన వాటా తెలుస్తుంది. వెన్‌స్ట్రెకు 13.32 శాతం కనుక 23.67 వస్తుంది. సోషల్ డెమోక్రాట్లకు 27.50 శాతం కనుక 48.87 వస్తుంది. అన్ని పార్టీలకూ పూర్ణాంకాలు ఇచ్చేశాక 168 స్థానాలు పంపకమై ఏడు మిగులుతాయి. దశాంశ బిందువు తరవాత పెద్ద శేషం ఉన్న పార్టీలకు ఆ ఏడింటిని వరసగా ఇస్తారు. ఆ ప్రకారం సోషల్ డెమోక్రాట్లకు 49, చివరి స్థానం అందుకునే వెన్‌స్ట్రెకు 24 రావాలి. కానీ పట్టికలో ఉన్నవి 50, 23.

ఈ తేడా ఎక్కడినుంచి వచ్చిందో అర్థమైతే డెన్మార్క్ విధానం మొత్తం అర్థమైనట్టే. పది నియోజకవర్గాల్లో 135 స్థానాలను పంచేటప్పుడు వాడేది డి హోంట్ పద్ధతి. ప్రతి పార్టీ ఓట్లనూ 1, 2, 3, 4 అంటూ భాగించుకుంటూ పోయి, వచ్చిన అంకెల్లో పెద్దవాటికి వరసగా స్థానాలు ఇస్తారు. ఈ పద్ధతి పెద్ద పార్టీ వైపు కాస్త మొగ్గుతుంది. ఎదుటి పక్షం ఓట్లు ఎన్ని ముక్కలైతే ఆ మొగ్గు అంత పెరుగుతుంది. 2022లో మితవాద పక్షం ఓట్లు ఆరు పార్టీల మధ్య చీలిపోగా, మధ్యలో మోడరేట్లు మరో ముక్క పట్టుకుపోయారు. ఫలితంగా సోషల్ డెమోక్రాట్లు 27.5 శాతం ఓట్లతో నియోజకవర్గాల స్థాయిలోనే 135లో 50 స్థానాలు గెలుచుకున్నారు. వారికి దేశవ్యాప్త వాటా ప్రకారం రావలసినవి 49. నియోజకవర్గంలో గెలిచిన స్థానాన్ని వెనక్కి తీసుకునే నిబంధన లేదు కనుక ఆ యాభైని అలాగే ఉంచి, వారికి సర్దుబాటు స్థానం ఒక్కటీ ఇవ్వకుండా, మిగిలిన 125 స్థానాలను మిగతా పదకొండు పార్టీల మధ్య కొత్తగా లెక్క వేశారు. ఆ కొత్త లెక్కలో వెన్‌స్ట్రె వాటా 23.46కు జారిపోయి, శేషాల వరసలో వెనకబడి, 24వ స్థానాన్ని కోల్పోయింది. పైన ఇచ్చిన శాతాలతో ఎవరైనా ఈ రెండో లెక్కను కూడా వేసుకోవచ్చు, 125ను 70.97 శాతం ఓట్ల మధ్య పంచితే పదకొండు పార్టీల స్థానాలూ తు.చ. తప్పకుండా సరిపోతాయి. ఈ ఒక్క స్థానం ఎంత పని చేసిందో కాసేపట్లో చూద్దాం.

సర్దుబాటు స్థానం ఒక్కొక్కటి ఏ ప్రాంతానికి, అక్కడ ఏ నియోజకవర్గానికి వెళ్తుందో తేల్చడానికి ఇంకో రెండు రకాల భాజకాల వరసలున్నాయి. ఏ ఊరి అభ్యర్థి గెలిచాడో పట్టించుకునేవారికి తప్ప మిగతావారికి వాటితో పనిలేదు.

రెండు శాతం గడప

సర్దుబాటు స్థానాల పంపకంలో వాటా కావాలంటే చెల్లిన ఓట్లలో కనీసం 2 శాతం రావాలి. 2022లో సుమారు 35 లక్షల ఓట్లు చెల్లాయి కనుక ఆ గడప దాదాపు 70 వేల ఓట్లు. యూరప్‌లో ఇది తక్కువ గడపే. జర్మనీలో 5 శాతం కావాలి. గడప దాటిన పార్టీకి ఒకటో రెండో కాక సాధారణంగా ఒకేసారి నాలుగు స్థానాలు వస్తాయి, 2019లో 2.4 శాతంతో న్యూ రైట్, 2.3 శాతంతో లిబరల్ అలయన్స్ చెరి నాలుగు పొందినట్టు. అందువల్ల ఓట్ల లెక్కింపు జరుగుతున్నప్పుడు 1.8కీ 2.2కీ మధ్య ఊగిసలాడే పార్టీ మీద కన్నేసి ఉంచాలి. పెద్ద పార్టీకి ఒక శాతం తగ్గితే పోయేవి రెండు స్థానాలు. చిన్న పార్టీ గడప దగ్గర తట్టుకుని పడితే ఆ కూటమి మొత్తానికీ నాలుగు పోతాయి.

ఈ గడపకు పక్క దారులు కూడా ఉన్నాయి. పది నియోజకవర్గాల్లో ఏ ఒక్కదానిలోనైనా నేరుగా ఒక స్థానం గెలిచిన పార్టీ, రెండు శాతం రాకపోయినా, సర్దుబాటు పంపకంలో పాల్గొనవచ్చు. 2019లో 1.7 శాతం ఓట్లు తెచ్చుకున్న క్రిస్టియన్ డెమోక్రాట్లు తమ కంచుకోట అయిన పశ్చిమ జట్‌లాండ్‌లో అతి స్వల్ప తేడాతో ఆ దారిని పోగొట్టుకున్నారు. పట్టికలో వారి ఎదుట కనిపించే సున్నా వెనుక ఈ కథ ఉంది.

రంగులు చూసి కూడిక వేయడం

పార్టీల వారీ లెక్క అయ్యాక వాటిని రెండు రాశులుగా పోయాలి. వామపక్షాన్ని ఎరుపు కూటమి అని, మితవాద పక్షాన్ని నీలి కూటమి అని పిలుస్తారు. ఇవి మనవైపు పొత్తుల లాగా సీట్లు సర్దుకుని పోటీచేసే కూటములు కావు. ప్రతి పార్టీ విడిగా పోటీచేస్తుంది. ప్రధానిగా ఎవరిని బలపరుస్తారో ఎన్నికలకు ముందే చెప్పడం వల్ల అవి రెండు రాశులవుతాయి. 2022లో సోషల్ డెమోక్రాట్ల 50, సోషలిస్ట్ పీపుల్స్ పార్టీ 15, రెడ్ గ్రీన్ అలయన్స్ 9, రాడికల్ వెన్‌స్ట్రె 7, ఆల్టర్నేటివ్ 6 కలిపితే ఎరుపు రాశి 87. నీలి రాశిలో వెన్‌స్ట్రె 23, డెన్మార్క్ డెమోక్రాట్లు 14, లిబరల్ అలయన్స్ 14, కన్సర్వేటివ్‌లు 10, న్యూ రైట్ 6, డేనిష్ పీపుల్స్ పార్టీ 5 కలిపి 72. పాత ప్రధాని లొకె రాస్ముసెన్ వెన్‌స్ట్రెను వీడి కొత్తగా పెట్టిన మోడరేట్ల పార్టీ ఏ రాశిలోనూ చేరకుండా 16 స్థానాలతో నడుమ నిలిచింది.

ఇక్కడే ఆ నాలుగు దూర స్థానాలు కావాలి. గ్రీన్‌లాండ్ రెండు స్థానాలూ ఎరుపు వైపు మొగ్గే పార్టీలకే వెళ్ళాయి. ఫారో దీవుల్లో ఒకటి అక్కడి సోషల్ డెమోక్రాట్లకు, మరొకటి నీలి పక్షంతో ఉండే యూనియన్ పార్టీకి దక్కాయి. 87కు మూడు కలిపితే సరిగ్గా 90. పైన చెప్పుకున్న లెక్కలో సోషల్ డెమోక్రాట్లకు 49 స్థానాలే వచ్చి ఉంటే ఈ కూడిక 89 దగ్గర ఆగేది. ఇలా అంచు మీద తేలడం అదే మొదటిసారి కాదు; 1998లో సోషల్ డెమోక్రాట్ ప్రధాని పౌల్ న్యూరప్ రాస్ముసెన్ ప్రభుత్వం 90, 89 తేడాతో నిలబడిందీ ఫారో దీవుల ఫలితం పుణ్యమానే.

ఫారో దీవులకు సంబంధించి ఇంకొక సంగతి గుర్తుపెట్టుకోవాలి. 2022లో అక్కడ పోలింగ్ ఒక రోజు ముందే, అక్టోబరు 31న జరిగింది. సముద్రంలో ప్రాణాలు కోల్పోయినవారిని స్మరించుకునే దినం అక్కడ నవంబరు 1 కావడమే అందుకు కారణం. గ్రీన్‌లాండ్ గడియారం కోపెన్‌హేగన్ కంటే వెనక ఉంటుంది కనుక అక్కడి ఫలితం తెల్లవారుజామున గాని రాదు. పోటాపోటీగా ఉన్న ఎన్నికలో అర్ధరాత్రికే తీర్పు చెప్పే వ్యాఖ్యాతలను నమ్మకపోవడం క్షేమం. 2022లో రాత్రి 8 గంటలకు పోలింగ్ ముగియగానే వచ్చిన ఎగ్జిట్ పోల్స్ ప్రకారం ఎవరికీ మెజారిటీ లేదు, తాళంచెవి లొకె రాస్ముసెన్ చేతిలో ఉంది. అర్ధరాత్రి దాటాక చివరి పెట్టెల లెక్కతో ఎరుపు పక్షం గీత దాటింది.

మొదటి రాత్రి లెక్క, మరునాటి లెక్క

ఓటింగ్ కాగితం మీదే, లెక్కింపు చేతులతోనే జరుగుతుంది. మొదటి రాత్రి పోలింగ్ కేంద్రాల్లో పార్టీల వారీగా ఓట్లను గుట్టలు పోసి లెక్కిస్తారు. ఏ పార్టీకి ఎన్ని స్థానాలన్నది దానితో దాదాపు తేలిపోతుంది. ఏ అభ్యర్థి గెలిచాడన్నది మరుసటి రోజు జరిగే సూక్ష్మ లెక్కింపులో గాని తేలదు. ఓటరు ఒక్క గుర్తు మాత్రమే పెట్టగలడు, అది పార్టీ పేరు దగ్గరైనా, ఆ పార్టీ అభ్యర్థుల్లో ఒకరి పేరు దగ్గరైనా. ఎక్కువ పార్టీలు తమ అభ్యర్థులను సమాన హోదాలో నిలబెడతాయి, అప్పుడు వ్యక్తిగత ఓట్లే గెలుపును నిర్ణయిస్తాయి. రెడ్ గ్రీన్ అలయన్స్ వంటివి క్రమం ముందే నిర్ణయించిన జాబితాతో బరిలో దిగుతూ వచ్చాయి, అక్కడ పైపేర్లకే మేలు. ఎన్నికల రాత్రి టీవీలో ఓడిపోయినట్టు కనిపించిన నాయకుడు మరునాడు సభ్యుడై తేలడం, లేదా దానికి విరుద్ధంగా జరగడం ఇందువల్లనే. ఖాళీగా వేసిన బ్యాలెట్లను విడిగా లెక్కించి ప్రకటిస్తారు గాని శాతాల లెక్కలోకి తీసుకోరు. 2022లో 84 శాతం మంది ఓటు వేశారు. అక్కడ అది మామూలు సంగతే.

కోపెన్‌హేగన్‌లోనో ఆర్హుస్‌లోనో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువారు ఈ ఎన్నికలో ఓటరు కార్డు కోసం ఎదురుచూడనక్కరలేదు. పార్లమెంటు ఎన్నికలో 18 ఏళ్ళు నిండిన డెన్మార్క్ పౌరులకే ఓటు హక్కు. నిర్ణీత కాలం అక్కడ నివసించిన విదేశీయులకు పురపాలక ఎన్నికల్లో మాత్రం ఓటు ఉంటుంది.

90 మంది ఎవరికి ఉన్నారని కాదు, ఎవరికి వ్యతిరేకంగా లేరని చూడాలి

మనకు అలవాటైన ప్రశ్న, "బలపరీక్షలో ఎవరు నెగ్గుతారు?" డెన్మార్క్‌లో ప్రభుత్వం ఏర్పడటానికి విశ్వాస తీర్మానం నెగ్గనక్కరలేదు. రాజ్యాంగం కోరేది ఒక్కటే: సభలో మెజారిటీ అవిశ్వాసం ప్రకటిస్తే ఆ ప్రధాని కొనసాగరాదు. అంటే తమకు వ్యతిరేకంగా మెజారిటీ కూడకుండా ఉన్నంత కాలం 34 మందితోనైనా పాలించవచ్చు. 1973 డిసెంబరులో ఒక్కసారిగా సభలో పార్టీల సంఖ్య ఐదు నుంచి పదికి పెరిగి, పన్నుల వ్యతిరేకి మొగెన్స్ గ్లిస్ట్రుప్ కొత్త పార్టీ 28 స్థానాలు కొట్టుకుపోయిన ఎన్నిక తరవాత, పౌల్ హార్ట్‌లింగ్ కేవలం 22 స్థానాల వెన్‌స్ట్రెతో ప్రభుత్వం నడిపారు. 2019లో సోషల్ డెమోక్రాట్ల నాయకురాలు మెట్టె ఫ్రెడరిక్సెన్ 48 స్థానాలతో ఒంటరి ప్రభుత్వమే పెట్టారు. కాబట్టి మంత్రివర్గంలో ఎవరున్నారన్న దానితో పాటు, బయటి నుంచి ఎవరు ఆదుకుంటున్నారో తప్పక చూడాలి.

కూడికలో 90 వచ్చినంత మాత్రాన ఆ కూటమే ప్రభుత్వం పెడుతుందన్న హామీ కూడా లేదు. 2022లో ఎరుపు పక్షానికి 90 వచ్చాయి. అయినా ఫ్రెడరిక్సెన్ మరునాడే రాజీనామా చేసి, ఎన్నికల ముందు చెప్పినట్టు నడిమి గీతకు ఇరువైపులా ఉన్న పార్టీలతో చర్చలకు దిగారు. ప్రధాని రాజీనామా చేశాక పార్టీల నాయకులు ఒక్కొక్కరే రాజసౌధానికి వెళ్ళి, చర్చలు ఎవరి నేతృత్వంలో జరగాలో చెబుతారు. ఎక్కువ స్థానాల మద్దతున్న నాయకుణ్ణి చర్చల బాధ్యుడిగా నియమిస్తారు. ఆ చర్చలు ఆరు వారాలు సాగి, అప్పటికి డెన్మార్క్ చరిత్రలోనే అతి దీర్ఘమైనవిగా నిలిచాయి. డిసెంబరు 15న సోషల్ డెమోక్రాట్లు, వెన్‌స్ట్రె, మోడరేట్లు కలిసిన ప్రభుత్వం వచ్చింది: 50, 23, 16 కలిపి 89, ఉత్తర అట్లాంటిక్ సభ్యుల తోడ్పాటుతో మెజారిటీ. ఎన్నికలో 20 స్థానాలు పోగొట్టుకున్న వెన్‌స్ట్రె అధికారంలోకి, స్థానం పెంచుకున్న సోషలిస్ట్ పీపుల్స్ పార్టీ ప్రతిపక్షంలోకి వెళ్ళాయి. ఎవరు గెలిచారన్న ప్రశ్నకు ఆ దేశంలో రెండు జవాబులుంటాయి, ఒకటి ఓటరు ఇచ్చేది, రెండోది పార్టీలు తమలో తాము తేల్చుకునేది. నా దృష్టిలో రెండోదానికే బరువెక్కువ. ఆ జవాబు కావాలంటే, ప్రభుత్వం ఏర్పడిన రోజున వెలువడే ఒప్పంద పత్రాన్ని చదవాలి. శతాబ్దాలుగా సెలవుగా ఉన్న మహా ప్రార్థనా దినాన్ని రద్దు చేసి రక్షణ వ్యయం పెంచాలన్న నిర్ణయం 2022 ఓటింగ్ పట్టికలో ఎక్కడా కనిపించదు. ఆ పత్రంలో ఉంది. 2023లో అది చట్టమైంది.

చివరిగా పాత పట్టికను పట్టుకుని ఇప్పటి సభను లెక్కించకూడదు. మన పదో షెడ్యూలు వంటి ఫిరాయింపుల నిషేధం డెన్మార్క్‌లో లేదు. సభ్యుడు తన అంతరాత్మకు తప్ప దేనికీ కట్టుబడనక్కరలేదని రాజ్యాంగమే అంటుంది, పార్టీ మారినా స్థానం అతనితోనే వెళ్తుంది. 2022లో ఆరు స్థానాలు గెలిచిన న్యూ రైట్ సభ్యులు చెదిరిపోగా, నాయకురాలు పెర్నిల్లె వెర్మున్ స్వయంగా 2024లో లిబరల్ అలయన్స్‌లో చేరారు. ఉప ఎన్నికలూ ఉండవు. ఖాళీ అయిన స్థానంలోకి అదే జాబితాలోని తరువాతి అభ్యర్థి వచ్చి కూర్చుంటాడు. ఏదైనా ఓటింగులో ప్రభుత్వం గట్టెక్కుతుందా అని చూడదలచినవారు ఎన్నికల నాటి ఫలితాలను పక్కనపెట్టి, ఫోల్కెటింగ్ ప్రకటించే ప్రస్తుత బలాబలాల జాబితానే చూడాలి.